రిగ్గు మీద నా హెలికాప్టర్

బస్సు మిస్సయినవాళ్ళను చూసి ఉంటారు. రైలు మిస్సయినవాళ్ళు కాజీపేటలో రోజూ కనబడతారు. హెలికాప్టర్ మిస్సయిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాను! అదీ ఎప్పుడు? సద్దుల బతుకమ్మకు ముందు రోజు. ఇంట్లో మా ఆవిడ సుగుణ నాతో ఇంకా సగం సగమే మాట్లాడుతోంది. అందుకే ఇక్కడ ఇది రెండో చాయ్.

సంగతి ఏమిటంటే, హన్మకొండలో చెవిటి పిల్లల బడికి పైకప్పు వేయించాలని కమిటీవాళ్ళు చందాలు పోగు చేస్తున్నారు. కాకినాడ అవతల, సముద్రం మధ్యలో చమురు తవ్వే రిగ్గు ఒకటుంది. అక్కడి పనివాళ్ళు, "మాకొక ప్రోగ్రాం ఇవ్వండి, తలా కొంత వేసుకుని చందా ఇస్తాం" అన్నారట. మిమిక్రీకి నేను, డోలక్‌కు మా యాదగిరి. ఫీజు లేదు, అంతా ధర్మానికే. నేను చేసే ఒక్క చప్పుడు కూడా వినలేని పిల్లల కోసం నా ప్రోగ్రాం! ఈ మాట సుగుణతో అంటే, "అదృష్టవంతులు" అంది.

పోయినేడు బతుకమ్మకు తను పుట్టింట్లో ఉంది. మా ఇంట్లో ఆడటం ఇదే మొదలు. అందుకే బ్యాగు సర్దుతూనే షరతు పెట్టింది.

"పోతే పోండి గని, సద్దుల నాటికి ఇంట్ల ఉండాలె. ధర్మసాగర్ దిక్కు పోయి గునుగు పువ్వు, తంగేడు పువ్వు మీరే కోసుకరావాలె. మార్కెట్ల కొన్న పువ్వుతోని నేను బతుకమ్మను పేర్చ."

"నువ్వేం ఫికర్ చెయ్యకు. ఒక్క రోజు పని. పొద్దుగాల పోతం, తెల్లారి వస్తం" అన్నాను. ఎంత ధీమా చూడండి!

రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి హెలికాప్టర్. యాదగిరి కళ్ళు మూసుకుని డోలక్‌ను కౌగిలించుకున్నాడు. నేను మాత్రం చెవులు రిక్కించి పాఠం నేర్చుకున్నాను. ఆ గరగర ఎక్కడ మొదలవుతుంది, టపటప ఎక్కడ అందుకుంటుంది, దిగేటప్పుడు ఎలా బరువెక్కుతుంది... రిగ్గు మీద కాలు పెట్టేసరికి కొత్త ఐటం నా గొంతులో రెడీ!

సాయంత్రం మెస్ హాల్లో ప్రోగ్రాం. బర్రె అరిచింది, పసిపిల్ల ఏడ్చింది, కాజీపేటలో ఇంజన్ కూత పెట్టింది. హాలంతా ఒకటే నవ్వు. ముందు వరుసలో ఒక్క మనిషి మాత్రం ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, బస్టాండులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నవ్వడు, చప్పట్లు కొట్టడు. ఆర్టిస్టుకు వెయ్యిమంది నవ్వినా నవ్వనివాడే కనబడతాడు కదా. మధ్యలో ఆపి అడిగాను.

"ఏ ఊరన్నా మనది?"

"మడికొండ. కొమురయ్య అంటరు."

"అరె, మనోళ్ళే! మరి జర నవ్వరాదే?"

"ఎట్ల నవ్వాలె తమ్మీ? ఇయ్యాల నా డ్యూటీ అయిపోయింది. నా జాగల పనిచేసేటాయన హెలికాప్టర్ల రావాలె, నేను పోవాలె. ఆయన సీట్ల నువ్వొచ్చినవు. బిడ్డ పుట్టి నెలైతాంది, ఇంకా మొఖం సూడలే. సరే, వచ్చినవు గదా, నవ్వియ్యి. నవ్వొస్తే నవ్వుత."

హాలు చప్పబడిపోయింది. ధర్మం చేయడానికి వచ్చి పాపం మూటగట్టుకున్నాను! ఎలాగైనా ఈ మనిషి ముఖంలో వెలుగు చూడాలనిపించింది. తెలివి ఉన్నవాడైతే ఇంకో బర్రెను అరిపించేవాడు. నేను మైకు దగ్గరికి లాక్కుని, కొత్త ఐటం వదిలాను.

అంత బాగా నేను ఏనాడూ చేయలేదు. చూస్తుండగానే కొమురయ్య ముఖం వెలిగిపోయింది. లేచాడు. పరుగెత్తాడు! ఆయన వెనుక ఇంకొకరు, ఆ వెనుక హాలంతా. కుర్చీలు పడిపోయాయి. నేను కళ్ళు మూసుకుని లీనమైపోయి చేస్తున్నాను, తెరిచి చూస్తే ఎదురుగా యాదగిరి ఒక్కడే.

అందరూ పైన హెలికాప్టర్ దిగే చోట, తుంపరలో తడుస్తూ ఆకాశం చూస్తున్నారు. నేను వెళ్ళి సంగతి చెప్పేసరికి కొట్టినంత పని చేశారు. కొమురయ్య మాత్రం కోపం చేసుకోలేదు. బ్యాగు భుజానికి అలాగే ఉంది.

"పోనీ తమ్మీ. మెట్లెక్కిందాక నేను ఇంటికి పోతాన్ననే అనుకున్న" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

ఇన్‌ఛార్జి సారు మళ్ళీ ఆ ఐటం చేయొద్దని వార్నింగ్ ఇచ్చాడు. కానీ కుర్రకారు ఊరుకుంటారా? ప్రోగ్రాం మొత్తం టేప్ చేశారట. నేను అన్నం తింటుంటే పక్క గదిలో నా హెలికాప్టర్. పడుకుంటే కిటికీ దగ్గర నా హెలికాప్టర్. ఉలిక్కిపడి లేచినప్పుడల్లా పగలబడి నవ్వడం.

తెల్లారి తానం చేస్తున్నాను. ఒళ్ళంతా సబ్బు. మళ్ళీ మొదలైంది టపటప! ఈసారి మోసపోతానా? హాయిగా నీళ్ళు పోసుకుంటూ విన్నాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది. "మొదలు బాగనే చేసిన" అనుకున్నాను, "చివర్ల జర తేడా కొట్టింది. అసలు హెలికాప్టర్ లెక్క లేదు."

యాదగిరి తలుపు బాదాడు. "అన్నా! హెలికాప్టర్ వచ్చింది, జల్ది రా!"

"నువ్వు గూడ వాళ్ళల్ల కలిసినవా?" అని, ముఖానికి ఇంకోసారి సబ్బు రాసుకున్నాను.

బయటికి వచ్చి చూస్తే హెలికాప్టర్ పిట్టంత కనబడుతోంది. వేరే రిగ్గు నుంచి జబ్బుమనిషిని ఎక్కించుకుని వచ్చిందట, అందుకే రెండే సీట్లున్నాయట. అతిథులకే మొదట అని రెండూ మా ఇద్దరికే రాశారట. నేను రాకపోయేసరికి, కొమురయ్య డ్యూటీ తోటివాళ్ళు పంచుకుంటామని, యాదగిరి పక్కన నా సీట్లో ఆయనను కూర్చోబెట్టి పంపించారు. మళ్ళీ వచ్చేది? సద్దులు దాటాకే.

పండగ సాయంత్రం రిగ్గు అంచున నిలబడ్డాను. ఈపాటికి వాడకట్టు ఆడవాళ్ళంతా బతుకమ్మలు ఎత్తుకుని బయలుదేరి ఉంటారు. వాళ్ళలో సుగుణ పువ్వుల్లేక ఖాళీ తాంబాళం ముందు పెట్టుకుని కూర్చుందేమో. నాకు రాని చప్పుడు లేదని పోస్టర్ల మీద వేయించుకుంటాను కదా, చప్పట్లు కొట్టేటప్పుడు మోగే ఆమె గాజుల చప్పుడు చేసి చూద్దామనుకున్నాను. ఎంత ప్రయత్నించినా రాలేదు. కుర్రాళ్ళు వచ్చి, "సార్, ఆ హెలికాప్టర్ ఒక్కసారి చెయ్యరా? ఉత్తగనే వింటం" అన్నారు, పాపం. మొదలుపెట్టాను. సగంలోనే ఆపేశాను. ఎవరూ నవ్వలేదు.

మొన్న ఇల్లు చేరాను. తిట్లకు సిద్ధపడి, తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాను. గుమ్మం పక్కన గంప నిండా మిగిలిన గునుగు పువ్వులు, వాడిపోయి ఉన్నాయి.

"ఎవరు తెచ్చిండ్లు?" అన్నాను.

"మడికొండ నుంచి ఒక అన్న. పువ్వు సంగతి మన యాదగిరి చెప్పిండట. సైకిల్ మీద మోపెడు పువ్వు కట్టుకచ్చిండు. వాడకట్టుల అందరికన్న పెద్ద బతుకమ్మ మనదే అయింది." సగం సగమే మాట్లాడినా, ఆమె కళ్ళలో నవ్వు కనబడింది.

"నా సంగతి ఏమన్న చెప్పిండా?"

"చెప్పిండు. 'ఫికర్ చెయ్యకు చెల్లె, మీ ఆయన సముద్రంల తానం చేస్తాండు. జర లేటైతది' అన్నడు."