అత్త చెయ్యెత్తిన వైపు

నాయుడుపేటలో చదువరులు కొందరు కలిసి నడుపుకునే ఒక చిన్న గ్రంథాలయం ఉంది. నెలకొక ఆదివారం సాయంత్రం దాని పైఅంతస్తులో ఏదో ఒక విషయం మీద చర్చ పెడతారు. ఆ నెల పెట్టిన విషయం అప్పటికి కొన్నాళ్లుగా టీవీల్లో నలుగుతున్నదే. మనిషి పోయాక మిగిలే పొలాల మీద, ఇళ్ల మీద ప్రభుత్వం పన్ను వేసి, ఆ డబ్బుతో ముసలివాళ్ల ఆలనాపాలనా చూడవచ్చా, కూడదా? కూడదని మాట్లాడమని నన్ను పిలిచారు. నేను అక్కడి జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. మాట్లాడటం నాకు అలవాటు. అప్పటికి రెండేళ్ల కిందటే మా నాన్న పోయి, పొలం నాకూ మా చెల్లెలికీ వచ్చింది. కనుక ఆ విషయం మీద నాకు కోపం కూడా ఉంది.

మా ఊరు దొరవారిసత్రం దాటాక పులికాట్ వైపు. వరిచేలు ఎక్కడ అయిపోతాయో, సరస్సు ఎక్కడ మొదలవుతుందో చలికాలం పొద్దున ఎవరూ చెప్పలేరు. మంచు, నీళ్లు, ఆకాశం అన్నీ ఒకే రంగులో ఉంటాయి. అక్కడి ఇంట్లో నేనూ, నా భార్యా, మా మేనత్తా ఉంటాం. అత్త మా నాన్నకు చెల్లెలు. పెళ్లైన మూడో ఏడు భర్త పోతే అన్న ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేను పుట్టలేదు. నాకు నూనె రాసి నీళ్లు పోసిన చేతులు ఆమెవే. మా నాన్న పక్షవాతంతో మంచాన పడితే ఆరేళ్లు చూసిన చేతులూ ఆమెవే.

ఆ ఆదివారం అత్త కళ్లజోడు కాడ విరిగింది. బాగుచేయించుకుంటానని నాతో పాటు కారెక్కింది. కళ్లజోళ్ల కొట్టులో పని అయ్యాక ఒక్కదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక హాలుకే తీసుకెళ్లి, ఆఖరి వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పడమటి ఎండ ఆ కిటికీలోంచి పసుపుగా పడుతోంది. వేదిక మీద నుంచి చూస్తే ఆమె ఆ వెలుతురులో సగం కరిగిపోయినట్టు కనిపించింది.

నేను బాగానే మాట్లాడాను. రైతు ఒకసారి చెమటోడ్చి సంపాదించినదాని మీద, అతను పోయాక మళ్లీ చెయ్యి వేయడం ఏం న్యాయమని అడిగాను. ముసలివాళ్లను చూసుకోవడం కుటుంబం పని అన్నాను. "మా నాన్న ఆరేళ్లు మంచంలో ఉన్నారు. ఏ ప్రభుత్వమూ రాలేదు. మేమే చూసుకున్నాం" అన్నాను. అక్కడ చప్పట్లు పడ్డాయి.

నా తర్వాత అవతలి పక్షాన మాట్లాడినామె రిటైరైన నర్సు. తెల్లటి నూలు చీర, చేతిలో మడత పెట్టిన ఒక కాగితం. ఆ కాగితం ఆమె ఒక్కసారి కూడా విప్పలేదు. పన్నుల గురించి తనకు తెలియదంది. లేవలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలనీ, దానికొక పద్ధతి ఉందనీ, తిప్పకపోతే ఒళ్లు పుండు పడుతుందనీ, పట్టి లాగితే తోలు లేచిపోతుందనీ చెప్పింది. ప్రతి ఇంట్లో ఆ పని ఒక ఆడమనిషి మీద పడుతుందనీ, ఆ ఆడమనిషికి ఎవరూ ఏమీ నేర్పరనీ అంది. ఊరికి ఒక్కరైనా పని తెలిసినవాళ్లు ఉండాలి, వాళ్లకు జీతం కావాలి, పోయినవాళ్లు వదిలిపెట్టినదాంట్లోంచి కొంచెం తీస్తే ఏం పోయిందని అడిగి కూర్చుంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

చివర్లో చేతులెత్తమన్నారు. పన్ను వద్దన్నవాళ్లవి హాలు నిండా చేతులు. కావాలన్నవాళ్లు ఎత్తమంటే ఏడెనిమిది లేచాయి. వాటిలో ఒకటి ఆఖరి వరసలో, కిటికీ పక్కన. బడిపిల్లలు ఎత్తినట్టు నిటారుగా, లెక్కపెట్టడం అయ్యేదాకా దించకుండా ఎత్తింది అత్త.

తిరుగుదారిలో నేనేమీ అడగలేదు. హైవే దిగి మా రోడ్డు పట్టాక మా వెనక పొద్దు కుంకుతూ సరస్సు ఎర్రబడుతోంది. దూరంగా రాజహంసలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. కదలకపోవడం వల్ల అవి పక్షులో, నీటి మీద మిగిలిపోయిన ఎరుపో తెలియడం లేదు. అత్త కొత్త కాడ వేసిన కళ్లజోడు తీసి, ఒళ్లో పెట్టుకుని, అటే చూస్తూ కూర్చుంది. కారు నడుస్తున్నట్టే అనిపించలేదు నాకు. దారే మెల్లగా మా కిందినుంచి వెనక్కి జారిపోతున్నట్టు ఉంది.

ఆ వారమంతా అలాగే గడిచింది. పాఠం చెబుతున్నా, చేల గట్ల మీద నడుస్తున్నా ఆ ఎత్తిన చెయ్యి కళ్లముందు తేలుతూ ఉండేది. ఆలోచించి ఆలోచించి నేను ఒక అర్థం తీసుకున్నాను. నలభై, యాభై ఏళ్లు ఈ ఇంటికి చాకిరీ చేసిన మనిషి పేరు మీద సెంటు భూమి లేదు. అదే ఆమె మనసులో ఉందనుకున్నాను. నా భార్యతో అంటే, ఊహించుకోవడం ఎందుకు, అడగరాదా అంది.

మరుసటి శనివారం మధ్యాహ్నం అత్త వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"అత్తా, కాలవ పక్కన ఎకరం నీ పేరుకు రాయిస్తా" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "నాకెందుకబ్బయ్యా? నేనేం చేసుకుంటా దాన్ని?"

"మరి ఆ రోజు చెయ్యెత్తినావు గదా."

చింతపండు చేట పక్కకు జరిపింది. పైన రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"మీ నాయన వీపు నువ్వెప్పుడన్నా చూసినావా?" అంది.

చూడలేదు. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, ఆయన తలవైపు కుర్చీ వేసుకుని పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఒళ్లు తుడిచే వేళకు లేచి బయటికి వెళ్లేవాణ్ణి. అది ఆయన మర్యాద కాపాడటం అనుకున్నాను.

"నడుం కాడ పుండు పడింది. ముందు గోరంత. ఆఖర్న నా పిడికిలి పట్టేది" అంది అత్త. "పక్కకు తిప్పేటప్పుడు నేను పట్టి లాగేదాన్ని. ఆ లాగుడికే తోలు లేచిపోయిందని ఆ నర్సమ్మ చెప్పేదాకా నాకు తెలవదు. మా అన్నకు నోరు పడిపోయింది గాబట్టి అరవలా. ఎవురన్నా తెలిసినామె ఒక్క దినం వచ్చి చూపిచ్చుంటే సాలు గదా అనిపిచ్చింది. అందుకే ఎత్తినా."

మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను హాల్లో అన్న 'మేమే' అనే మాట నా నోట్లోనే ఇంకా ఉన్నట్టు, మింగలేనట్టు అనిపించింది. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి, నాలుగడుగుల దూరంలో జరుగుతున్నది నేను చూడలేదు. అంతకన్నా, ఆమె ఆ ఆదివారం నుంచీ తన అన్నను తనే బాధపెట్టానని నమ్ముతూ నాకు అన్నం వడ్డిస్తోంది.

సోమవారం కాలేజీ అయ్యాక నర్సు ఇల్లు కనుక్కుని వెళ్లాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. జరిగినదంతా చెప్పి, తప్పు మా అత్తదేనా అని అడిగాను. ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లమనీ, రాత్రుళ్లు ఎవరు లేచేవాళ్లనీ అడిగింది. చెప్పాను. గురువారం తనే వస్తానంది.

గురువారం బస్సు దిగిన ఆమెను బండి మీద ఇంటికి తీసుకొచ్చాను. కాఫీ కూడా తాగకుండా, నాన్న పడుకున్న మంచం ఉందా అని అడిగింది. నడి గదిలోనే ఉంది.

"సార్, మీరు పడుకోండి. మీరే పేషెంటు" అంది.

నేను పడుకున్నాను. ఆమె అత్తనూ నా భార్యనూ మంచానికి ఒక పక్క నిలబెట్టి, నా మోకాలు మడవమంది, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వెయ్యమంది. లాగవద్దు, గోడవైపు మెల్లగా దొర్లించాలి అంది. అత్త చేతులు నా మీద పడ్డాయి. గరుకుగా, వెచ్చగా. ఎప్పటివో ఎరిగిన చేతులు. నా బరువు నాకు తెలియకుండానే ఒళ్లు పక్కకు తిరిగిపోయింది. కళ్లముందు సున్నం గోడ, దాని మీద ఊగుతున్న ఆకుల నీడ. మా నాన్న ఆరేళ్లు చూసిన గోడ అదే. పడవలో పడుకుని ఎవరో మెల్లగా ఒడ్డునుంచి తోసినట్టు ఉంది. ఆడవాళ్ల మాటలు నీళ్ల అవతలినుంచి వస్తున్నట్టు వినిపించాయి. అలాగే ఎంతసేపైనా ఉండిపోవచ్చు అనిపించింది.

"అక్కా, ఆస్పత్రిలో ఈ పని మేం ముగ్గురం వంతులేసుకుని చేసేవాళ్లం. అయినా కొందరికి పుళ్లు పడేవి" అని నర్సు చెప్పడం విన్నాను. "నువ్వొక్కదానివే ఆరేళ్లు చేసినావు. ఇది నీ తప్పు కాదు."

గోడవైపు తిరిగి ఉన్నాను కనుక అత్త మొహం నాకు కనిపించలేదు. కాసేపటికి ఆమె గొంతు మామూలుగానే వినిపించింది.

"ఇంకొకసారి చూపిచ్చమ్మా" అంది.

కాలవ పక్క ఎకరం అత్త తీసుకోలేదు. దాని కౌలు మీద మాత్రం ఒక మాట అంది. పని తెలిసినామెను ఒకరిని జీతానికి పెట్టడానికి అది సరిపోతుందా అని అడిగింది. చాలనిది నేను కలుపుతానన్నాను. చెల్లెలికి ఫోన్ చేశాను. కొడవలూరులో ఉంటుంది. పన్ను వద్దని మీటింగులో చెప్పి వచ్చి ఇంట్లో నువ్వే వేసుకుంటున్నావా అని నవ్వింది. తన వాటా జోలికి రావద్దంది. రాలేదు. మా ఊళ్లోనే మిషను కుట్టుకుంటూ ఉండే ఒకామె ముందుకొచ్చింది. నర్సు ఆమెకు మూడు నెలలు పని నేర్పింది. ఇప్పుడు ఆమె స్కూటీ మీద చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరుగుతోంది. మంచాన ఉన్నవాళ్లను తిప్పడం, పుండు కడగడం, ఇంట్లోవాళ్లకు నేర్పడం. పోయిన ఏడు మా చెల్లెలి అత్తగారికి తుంటి విరిగితే, ఆమెను నాలుగు రోజులు పంపమని చెల్లెలే ఫోన్ చేసింది. కౌలు ఊసు మాత్రం ఎత్తలేదు.

పన్ను సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. వసూలైన డబ్బు మా ఊరిదాకా వస్తుందా, రెండెకరాల రైతును వదిలి పెద్దవాళ్ల దగ్గరే తీసుకుంటారా అనే అనుమానాలు అలాగే ఉన్నాయి. నర్సుతో ఆ మాటే అన్నాను ఒకసారి. మా నాలుగు ఊళ్లకు పన్ను లేకుండానే జరిగిపోతోంది కదా అన్నాను.

"మీకు మనసైంది, ఇచ్చినారు సార్" అంది ఆమె. "మనసు కాని ఊళ్లో ముసలోళ్ల గతేంది? రేపు మీ తర్వాతోళ్లకు మనసు కాకపోతే?"



అత్తకు ఓపిక ఉన్న రోజుల్లో ఆ కుట్టుపని మనిషితో పాటు తనూ వెళుతుంది. పని తను చేయదు, రోగి పక్కన కూర్చుంటుంది. నిన్న సరస్సు ఒడ్డున ఒక ముసలి జాలరి ఇంటికి వెళ్లింది. ఆయనకు మాట లేదు. కోడలికి తిప్పడం నేర్పుతున్నంతసేపూ అత్త ఆయనకు ఈ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, పక్షులు ఎప్పుడు దిగాయో చెబుతూ ఉందట. ఆయన కళ్లు మూసుకుని విన్నాడట. తిరిగి వచ్చి అన్నం తిని, అలిసిపోయి వసారాలో చాప మీద ఒరిగింది. నిద్రలో ఆమె పెదవులు ఇంకా మెల్లగా కదులుతూనే ఉన్నాయి. ఆయనకు చెప్పడం అయిపోలేదు కాబోలు.