నడి బిళ్ళ మీద గీత

వారానికొకసారి హిందూపురంలో ప్యాసింజరెక్కి ధర్మవరం వెళ్తాను. మాది చీరల అంగడి. మగ్గాలున్న ఇళ్ళు తిరిగి, నచ్చిన చీరలు తీసుకుని సాయంత్రానికి వచ్చేస్తాను. ఇదివరకు ఇద్దరం వెళ్ళేవాళ్ళం. బేరం నాది, రంగులు నా భార్యవి. ఆమె పోయాక కూడా కిటికీ దగ్గర ఎదురెదురు సీట్లు రెండు చూసుకునే కూర్చుంటున్నాను. ఒకదాంట్లో నేను, ఎదుటిదాంట్లో ఖాళీ సంచి. ఎవరైనా అడిగితే "వస్తారు" అంటాను. రైళ్ళలో ఇలా తువ్వాళ్ళూ సంచులూ పరిచి సీట్లు పట్టేవాళ్ళను జీవితమంతా తిట్టుకున్న మనిషిని. ఇప్పుడు నన్ను ఎవరు తిట్టుకుంటున్నారో పట్టించుకోవడం మానేశాను.

పెనుకొండలో ఒకాయన ఎక్కుతాడు. ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, ధర్మవరంలో ఇంటికి పోతుంటాడు. మొదటిసారి ఆయనా అడిగాడు, "ఈడ ఎవురన్నా వస్తారాప్పా?" అని. వస్తారన్నాను. నిద్ర కళ్ళతో ఆ సంచిని కాసేపు చూసి, నా పక్కన బల్ల చివర సర్దుకున్నాడు. ఆ తర్వాత అడగలేదు. ఎప్పుడు ఎక్కినా అక్కడే, ఆ చివరే కూర్చునేవాడు.

నా దగ్గర ఒక రంగుల క్యూబు ఉంది, కొన్నది నా భార్య. ఆయుధ పూజకు ముందురోజు ధర్మవరం స్టేషను రోడ్డులో బొమ్మల బండి మీద కనబడింది. ఆరు పక్కలా ఆరు రంగులు. తిప్పి చెడగొట్టుకుని మళ్ళీ కలుపుకోవడమే ఆట. ఇంత వయసొచ్చాక ఇదేమి సరదా అని నవ్వాను.

"రైలెక్కితే చాలు మీరు తూగుతాంటారు. నేనొక్కదాన్నే కిటికీలోకి చూస్తా కూర్చోవాల. ఇంకమీద ఇద్దరం దీన్ని తిప్పుకుందాం," అంది. అని ఊరుకుందా? క్యూబును వెలుతురుకు పెట్టి, చీరను చూసినట్టే చూసింది. "ఈ ఎరుపుకీ ఈ కనకాంబరానికీ తేడా చాల్లేదు. మగ్గమాయన ఇట్ల నేసిస్తే నేను తీసుకుందునా?"

మరునాడు అంగట్లో పూజ. కత్తెర, గజంబద్ద, బిల్లు మిషను, బయట స్కూటరు, అన్నిటికీ ఆమే పసుపూ కుంకుమా పెట్టింది. చివర్లో క్యూబును కూడా తెచ్చి వాటి పక్కన పెట్టింది. ఇదేమి ఆయుధమే అన్నాను. "రేపట్నుంచి మన పనిముట్టే కదా," అంది. తడి పసుపులో ఉంగరపు వేలు ముంచి, తెల్ల పక్క మీద నడి వరసలో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. దాని మధ్యలో అగ్గిపుల్లతో సన్నగా కుంకుమ గీత. పూజలో పెట్టినదాన్ని ఆ రోజు వాడకూడదు, మరుసటి రోజు చేతికి తీసుకోవాలి. మరుసటి రోజు ఆమెకు జ్వరమొచ్చింది. మేము ఇక్కడా అక్కడా చూపించి చివరికి బెంగళూరు తీసుకుపోయాం. అక్కడి ఆసుపత్రిలోనే పోయింది. మాకు పిల్లలు లేరు.

క్యూబు చాలా నెలలు అంగట్లో దేవుడి పటాల పక్కనే ఉండిపోయింది. ఒక పొద్దున ఎందుకో జేబులో వేసుకుని రైలెక్కాను. ఇద్దరం తిప్పుకుందామన్నది కదా అని ఒక పక్క తిప్పాను. వెనక్కి తిప్పుకోవచ్చులే అని ఇంకో పక్క, ఆపైన మరోటి. ఏదో ఒక చోట లెక్క తప్పింది. వెనక్కి తిప్పేకొద్దీ ఇంకా చెడింది. పెనుకొండ కొండ కనబడేసరికి ఆమె గీత మూడు ముక్కలై మూడు పక్కలకు పోయింది. ఆమె చేతి గుర్తు అంటూ నాకు మిగిలింది అదొక్కటే అని అప్పుడు తెలిసింది. చీరలు మడిచి ఉన్నాయి, గాజులు డబ్బాలో ఉన్నాయి, కానీ అవన్నీ ఎవరో చేసినవి. ఇది ఆమె వేలు గీసింది.

ఫోనులో వీడియోలు వెతికి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్పే కుర్రవాడు ప్రతి మాటకూ "చాలా ఈజీ ఫ్రెండ్స్" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఫోనును గోడకేసి కొడదామనిపించేది. అయినా వాడి దగ్గరే నేర్చుకున్నాను. ఒక్కో పక్క నడిమధ్య ఉన్న బిళ్ళ ఎక్కడికీ పోదు. ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది, తక్కినవే దాని చుట్టూ తిరుగుతాయి. ముందు తెల్ల వరస కలపాలి, తర్వాత నడి వరస, ఆ తర్వాత చివరిది. ఇబ్బంది ఎక్కడంటే, కొత్త వరస కలపాలంటే కలిపిన వరసను కాసేపు చెడనివ్వాలి. అది తిరిగొచ్చేదాకా ఓర్చుకోవాలి. నాకు ఓర్పు లేదు. తెల్ల బిళ్ళ పక్కకు పోగానే ప్రాణం లాగేసి, దాన్ని మళ్ళీ తెచ్చుకునేవాణ్ణి. అక్కడికే ఆట ఆగిపోయేది.

ఇంతలో నా బొటనవేలు ఎర్రబడడం గమనించాను. కుంకుమ రాలిపోతోంది. పసుపు మాత్రం ఆ తెల్ల ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి గట్టిగానే ఉంది. ఆమె క్యూబును వెంటనే దూదిలో చుట్టి పెట్టి, నేర్చుకోవడానికి ఇంకోటి కొన్నాను. దీన్ని ఎంత చెడగొట్టినా ఏమీ అనిపించేది కాదు, అందుకే త్వరగా వచ్చింది. ఒంటరిగా ఉన్న మనిషికి సాయంత్రాలు చాలా పొడుగు. అంగడి మూసి ఇంటికొచ్చి, అన్నం కుక్కరు ఈల వేసేలోగా ఒకసారి కలిపేసేటంత అలవాటైంది.

అప్పుడు ఆమె క్యూబును రైల్లోకి తీసుకెళ్ళాను. అంచులు పట్టుకుని, తెల్ల పక్కకు వేలు తగలకుండా నెమ్మదిగా తిప్పాను. పెనుకొండ దాటాక ఆరు రంగులూ కలిశాయి. పక్కనున్న ఫ్యాక్టరీ ఆయన నిద్ర వదిలి, "ఏమప్పా, అయిపాయనే! యాడ నేర్చినావు?" అని చప్పట్లు కొట్టాడు. నేను తెల్ల పక్క తిప్పి చూశాను. గీత పైముక్క నిలువుగా ఉంది, కింది ముక్క నిలువుగా ఉంది. నడి బిళ్ళ మాత్రం అడ్డం తిరిగింది.

ఆయనకు అది కనబడలేదు, ఏదో మరక అనుకుని ఉంటాడు. లోకం లెక్కలో ఆట గెలిచినట్టే. ఆ రోజు మగ్గాల ఇళ్ళకు పోబుద్ధి కాలేదు. ధర్మవరం స్టేషనులో బెంచీ మీద కూర్చుని, వచ్చిన రైలే తిరిగి ఎక్కాను. ఏమైందని అడిగే మనిషి ఇంట్లో ఉంటే ఏడుపొచ్చేది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి అన్నం వండుకున్నాను.

మళ్ళీ వీడియోలు వెతికాను. బొమ్మలు అతికించిన క్యూబులుంటాయట, వాటికి నడి బిళ్ళ కూడా తిన్నగా నిలబడాలి. ఒక నడి బిళ్ళను పావు వంతు తిప్పాలంటే ఇంకో పక్క నడి బిళ్ళ కూడా ఎదురు దిక్కుకు పావు తిరగక తప్పదు. దాని మీద గుర్తేమీ లేకపోతే అది తిరిగినట్టు ఎవరికీ తెలియదు. కొత్త క్యూబు మీద పెన్నుతో గీత గీసుకుని, వేళ్ళకు వచ్చేదాకా తిప్పాను.

మళ్ళీ దసరా వచ్చింది. ఆయుధ పూజ పొద్దున అంగడి తలుపు వేసుకుని ఆమె క్యూబును తీశాను. నేర్చుకున్న వరసంతా తప్పకుండా తిప్పాను. మధ్యలో అన్ని రంగులూ చెదిరిపోయాయి, ఈసారి చూస్తూ ఊరుకున్నాను. చివరి పక్క తిరిగేసరికి గీత పైనుంచి కిందికి ఒకటిగా నిలబడింది. కుంకుమ జాడ లేదు. పసుపు ఉంది, వేలి వెడల్పున. కత్తెరకూ గజంబద్దకూ నేనే బొట్లు పెట్టాను, వంకర వంకరగా వచ్చాయి. క్యూబును వాటి పక్కన పెట్టాను గాని, దాని మీద నా వేలు పెట్టలేదు.

మరుసటి రోజు దాన్ని తీసుకుని రైలెక్కాను. దాచుకోమని కొన్నది కాదు, తిప్పుకుందామని కొన్నది. హిందూపురం దాటగానే ఇష్టమొచ్చినట్టు చెడగొట్టి, మళ్ళీ మొదటినుంచి కలిపాను, గీతతో సహా. "చూడు," అని తలెత్తాను. ఎదురుగా సంచి. కళ్ళు తుడుచుకునేసరికి పెనుకొండ వచ్చింది.

ఫ్యాక్టరీ ఆయన ఎక్కి, అలవాటుగా నా బల్ల చివరకు వచ్చాడు. నేను వంగి ఎదుటి సీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "ఆడ కూర్చోప్పా," అన్నాను.

ఆయన నిలబడే అడిగాడు. "వస్తారంటివే?"

"రారు," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.