ఇంజెక్టర్లు విప్పిన రోజు

తిరుపతి ఆసుపత్రి నుంచి నన్ను తరిమేసింది మా అత్తే. ఆమె నాకు సొంత మేనత్త కూడా, అందుకే మొహమాటం లేదు. నా భార్యకు నెలలు నిండాయి. కాళ్ళకు నీరొచ్చింది, బీపీ దిగడం లేదు, మంచం దిగొద్దన్నారు. నేనేమో వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ, ఎదురొచ్చిన ప్రతి నర్సునూ ఆపి అడుగుతున్నాను.

"నువ్వు ఈడ ఇట్ల తిరగతా ఉంటే దానికి ఇంకా గాబరా. ఇంటికి పోయి ఒక పూట పండుకోని రా. ఏమన్నా అయితే ఫోన్ చేస్తా కదా" అంది.

చిత్తూరు బస్సెక్కాను. ఇల్లు చేరాక పడుకోలేదు. సెల్‌ఫోన్లు అప్పటికింకా మా దాకా రాలేదు. ముందుగదిలో ఫోన్ పక్కనే కూర్చుంటే అది మోగదు. పెరట్లోకి వెళితే మోగినట్టే ఉంటుంది. పరుగెత్తుకొస్తే ఏమీ లేదు. అన్నం కలిపి, తినకుండానే చేయి కడిగేసుకున్నాను.

చివరికి షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ నా కారుంది. రెండే సీట్ల పాత జర్మన్ స్పోర్ట్స్ కారు. వేలూరులో ఒక డాక్టరు ఏళ్ళ తరబడి కదల్చకుండా ఉంచేస్తే కొనుక్కొచ్చాను. ట్యాంకులో పెట్రోలు చెడిపోయి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోయాయి. రోడ్డెక్కితే వెక్కిళ్ళు పట్టినట్టు ఎగిరెగిరి పడేది. చెన్నై నుంచి కొత్తవి తెప్పించాను కానీ వేయడానికి కుదరలేదు. ఆ పూట బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఊడదీశాను.

నాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఇప్పుడే దొరికిందా నీకీ పని?"

"చేతులు ఊరికే ఉండలేదు నాయనా."

ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి పంచె ఎగగట్టుకుని వచ్చి, అడగకుండానే టార్చి పట్టుకున్నాడు. మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఆయన ఆ కారును అంతకు ముందు చేత్తో కూడా ముట్టలేదు.

పాత రబ్బరు గొట్టాలు ఇంజెక్టర్లకు అతుక్కుపోయి ఉన్నాయి. బ్లేడుతో కోయగానే లోపల మిగిలిన పెట్రోలు నా మోచేతుల దాకా చిమ్మింది. ఒక్కొక్కటే బయటికి లాగాను. కొనలు మసిపట్టి నల్లగా ఉన్నాయి. కొత్తవాటి రబ్బరు రింగులకు కాస్త ఇంజన్ ఆయిలు రాసి, గూట్లో పెట్టి అదిమాను. మధ్యమధ్యలో నాయన టార్చి నా చేతికిచ్చి ఇంట్లోకి వెళ్ళొస్తున్నాడు. ఎందుకని అడిగితే, "రిసీవరు సరిగ్గా పెట్టిండాదో లేదో అని" అన్నాడు.

చివరి ఇంజెక్టర్ కూర్చోలేదు. తొందరలో గట్టిగా నొక్కాను. రింగు చీలిపోయింది. అదే సమయానికి ఫోన్ మోగింది. ఈసారి నిజంగానే.

"లోపల బిడ్డ గుండె కొట్టుకునేది తగ్గతా ఉండాదంట. ఆపరేషన్‌కు తీసకపోతా ఉండారు, బిరీన రాండి" అంది అత్త.

కారు విప్పేసి ఉంది. వీధిలో ఆటో కూడా లేదు. నాయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరం బస్టాండుకు దాదాపు పరుగెత్తాం. బస్సు పూతలపట్టులో ఆగింది, మనుషులు లేని స్టాపుల్లో కూడా ఆగింది. పాకాలలో డ్రైవరు టీకి దిగబోతుంటే, ఎవరినీ ఏమీ అడగని మా నాయన లేచి ముందుకు వెళ్ళాడు.

"అబ్బా, మా కోడలికి ఆపరేషన్ జరగతా ఉండాది. టీ తిరపతిలో నేను తాపిస్తా. పోనీప్పా."

డ్రైవరు ఆయన ముఖం చూసి మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. చంద్రగిరి దాటేదాకా నాయన డ్రైవరు సీటు వెనక కడ్డీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మేం చేరేసరికి అత్త గుడ్డల్లో చుట్టిన ఆడపిల్లను ఎత్తుకుని వరండాలో ఉంది. తల్లీ బిడ్డా క్షేమం. నేను చేతులు చాస్తే అత్త వెనక్కి జరిగింది. "ఏందిరా ఆ వాసన? పోయి కడుక్కోని రాపో!" ఎంత సబ్బు రుద్దినా పెట్రోలు వాసన పోలేదు. ముందు నాయనే ఎత్తుకున్నాడు.

తల్లీ బిడ్డా ఇంటికి వచ్చాక కొత్త రింగు తెప్పించి, ఆ మిగిలిన ఇంజెక్టర్ బిగించాను. మొదటిసారి తాళం తిప్పితే ఒక గొట్టం దగ్గర పెట్రోలు కారింది. ఆపి, క్లిప్పు బిగించి, తుడిచి, మళ్ళీ తిప్పాను. ఇంజన్ ఒక్క ఉలుకు లేకుండా అందుకుంది.

"ఎక్కు నాయనా" అన్నాను. కాళ్ళు మడుచుకుని, తిట్టుకుంటూ ఎక్కాడు. కాణిపాకం రోడ్డులో చెరకు తోటల పక్కన కారు నున్నగా సాగిపోయింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. అయినా నా చెవి ఇంజన్ మీద లేదు. ఇంట్లో పాప ఏడుస్తోందేమోనని ఒకటే ఆరాటం. ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటుంటే నాయనే అన్నాడు.

"బాగానే పోతా ఉండాదిలే. ఇంక తిప్పురా, బిడ్డ లేసింటాది."