నాలుగు చేపలు పోతాయి, అదీ రాయండి

మా చిన్నప్పటి టీచరమ్మ పోయారని మంగళవారం పొద్దున్న వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో బోర్డు మీద అప్పటికి సగం లెక్క చేసి ఉన్నాను. మిగతా సగం ఎలా చేశానో గుర్తులేదు. సబ్బవరంలో సమాధి కార్యక్రమానికి మా జాలరిపేట ఆడవాళ్ళు చేపల బేరం మానుకుని వచ్చారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మా నాన్న నా పక్కకొచ్చి, "ఆయమ్మ కథే వల కోయించింది, ఆయమ్మే వల కుట్టింది" అన్నాడు. ఆ మాట మీకు అర్థం కావాలంటే తాబేలు కథ చెప్పాలి.

సబ్బవరంలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. మా పేట బడికి వేసేదాకా సముద్రాన్ని రోడ్డు మీంచి చూడటమే. నక్క, అడవిపిల్లి, అలుగు ఆవిడకి తెలుసు. నీళ్ళలో జంతువుల సంగతులు మాత్రం మేమే చెప్పేవాళ్ళం, సగం నిజం, సగం కోతలు. అన్నీ రాసుకునేవారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెద్ద పెద్ద బొమ్మలు గీసి, ఒక్కొక్కటే తిప్పుతూ శనివారం ఆఖరి గంటలో కథ చెప్పేవారు. "దయంటే అయ్యో అనడం కాదర్రా, చెయ్యి వెయ్యాలి" అనేవారు.

నేను ఐదో తరగతిలో ఉండగా తాబేలు కథ చెప్పారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తున్న తల్లి తాబేలు వలలో పడుతుంది. మంచి జాలరి కత్తి తీసి బర్రున వల కోసి దాన్ని పంపించేస్తాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

మర్నాడే నాన్న వలలో నిజంగా తాబేలు పడింది. వల ఇంకా సగం నీళ్ళలోనే ఉంది. లాగడానికి మనుషుల్ని పిలవడానికి నాన్న పక్కకెళ్ళాడు. తాబేలు నోరు తెరిచి మూస్తోంది. నేను ఇంటికి పరిగెత్తి అమ్మ చేపల కత్తి తెచ్చి, కథలో మంచి జాలరి కోసినట్టే కోశాను, ఈ చివర్నించి ఆ చివరిదాకా. తాబేలు నీళ్ళలోకి పోయింది. చేపలూ పోయాయి. అది కొత్త వల.

నాన్న నన్ను కొట్టలేదు. నాలుగు తగిలించి ఉంటే బాగుండేది. సోమవారం ఆ వల భుజాన వేసుకుని, నన్ను ముందు నడిపించుకుంటూ బడికొచ్చి దాన్ని టీచరమ్మ బల్ల మీద పడేశాడు.

"మీ కథ నా వల కోసీసినాది టీచరమ్మా. నానిప్పుడు ఏటి సెయ్యాల?"

ఆవిడ ముఖం తెల్లబోయింది. "తప్పు పిల్లది కాదు బాబూ, నాది. తెలీకుండా చెప్పీసినాను" అన్నారు. పుస్తకం తీసి, "ఏటి చెయ్యాలో నువ్వు చెప్పు, రాసుకుంటాను."

నాన్న కోపం సగంలో ఆగిపోయింది. బడిలో ఆయన్ని ఒకరు ఏదైనా చెప్పమనడం అదే మొదటిసారి.

"వల వదులు సేసి, తాబేలు రెక్కలు ఎనక్కి మడవాల. అప్పుటికీ రాకపోతే రెక్క కాడ దారం ఒక్కపోగు తెంపితే సాలు. వలా బతుకుద్ది, తాబేలూ బతుకుద్ది." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ కంతలోంచి నాలుగు సేపలు పోతాయి, అదీ రాయండి. పోవని పిల్లలకి అబద్ధం సెప్పకండి."

ఆ వారమంతా ఆవిడ బడి వదిలాక సబ్బవరం బస్సు వదులుకుని, మా గుమ్మంలో కూర్చుని అమ్మతో పాటు వల కుట్టారు. "ఈ ముడుల్లోంచి సొరసేప కూడా దూరిపోద్ది టీచరమ్మా" అని అమ్మ ఏడిపించేది. ఆవిడ విప్పి మళ్ళీ వేసేవారు. నేను తలుపు వెనక నించుని సిగ్గుతో చచ్చిపోయాను. వల పూర్తయిన రోజు ఆవిడ కథకి, కంతలోంచి తాబేలు వెళ్ళిపోతున్న కొత్త ఆఖరి కాగితం గీసి తెచ్చి నాన్న చేతికి ఎర్ర పెన్సిల్ ఇచ్చారు. ఆయన నాలుగు చేపలు గీశాడు. బతుకులో ఆయన గీసిన బొమ్మ అదొక్కటే.

అప్పట్నించీ ఆవిడదో పద్ధతి. ఏ కథైనా పిల్లలకంటే ముందు, ఆ జంతువు వల్ల నష్టపోయే మనిషికి చెప్పేవారు. అడవిపిల్లి కథ పట్టుకుని వాళ్ళ ఊళ్ళో కోళ్ళు పెంచే ఆవిడ ఇంటికెళితే రెండుసార్లు తిట్టి పంపిందట. మూడోసారీ వెళ్ళారు. "నష్టపోయేవాళ్ళు ఒప్పుకోని కథ నా పిల్లలకి చెప్పను" అనేవారు. రిటైరయ్యాక కూడా శనివారం మానలేదు.

ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఆ గంట పరీక్షల చదువుకి ఇచ్చేద్దామని కొత్త హెడ్మాస్టారు అన్నారు. నేను చెబుతానన్నాను. "ఒక్క శనివారం చూద్దాం" అన్నారు. శనివారం నాకు నాలుగు బ్యాచ్‌లు. మధ్యాహ్నం రెండూ ఆదివారానికి మార్చమని సెంటర్లో అడిగితే కుదరదన్నారు. మానేస్తానన్నాను. కుదిరింది.

టీచరమ్మ వాళ్ళబ్బాయి ఇచ్చిన క్యాలెండర్ల చుట్ట శుక్రవారం సాయంత్రం నాన్న ముందు విప్పి, కథ మొత్తం చెప్పాను. నాన్న ఇప్పుడు వేటకి వెళ్ళడం లేదు. అయినా పద్ధతి పద్ధతే. ఆఖరి దాకా విని, "ఒప్పుకున్నాను, సెప్పు" అన్నాడు.

శనివారం కథ అయ్యేసరికి ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "మరి సేపలు పోతే ఆళ్ళింట్లో ఏటి తింటారు మేడమ్?"

గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న అందుకున్నాడు.

"మిగిలినయ్యి తింటారమ్మా."

ఆయన పక్కనే ఉన్న హెడ్మాస్టారు చేతిలోని పరీక్షల టైమ్‌టేబుల్ మడిచి జేబులో పెట్టుకున్నారు. వెనక వరస పిల్లలు బొమ్మ కనపడ్డం లేదన్నారు. ఆఖరి కాగితాన్ని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాను. ఎండ పడి, వెనకున్న పాత నెల తేదీలన్నీ తిరగబడి కనిపించాయి. వాటి మధ్యలోంచి నాలుగు ఎర్ర చేపలు, తాబేలు వెనకాలే పోతున్నాయి.