పింకీ ఐదో కాన్పు

డాక్టరు వద్దన్న తర్వాత కూడా పింకీకి మళ్లీ క్రాసింగ్ చేయించారు. ఆ కాన్పులో అది చచ్చిపోయింది. ఇది తప్పు. దీని వెనక ఏ కథ ఉన్నా, ఏ కారణం ఉన్నా ముందు ఈ మూడు ముక్కలూ చెప్పాకే మిగతాది చెబుతాను. ఎందుకంటే మా చుట్టాల్లో ఈ సంగతి ఎత్తేవాళ్లంతా సినిమా ఎంత బాగా ఆడిందో ముందు చెప్పి, కుక్క మాట చివర్లో, కాఫీ కప్పు కింద పెడుతూ చెబుతారు.

మొన్న మోతీనగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లోనే, పై అంతస్తులో గృహప్రవేశానికి వెళ్లాను. వ్రతం అయి ప్రసాదం చేతిలో పడిందో లేదో, ఎవరో చుట్టాలు ఒక అట్టపెట్టె తెచ్చి ఇంటావిడ చేతుల్లో పెట్టారు. పెట్టెకి బంగారు రంగు రిబ్బను. లోపల కుక్కపిల్ల. కాళ్ల మీద నిలబడటం కూడా ఇంకా సరిగ్గా రాలేదు దానికి. వేలు పెడితే పాలనుకుని చప్పరించింది. "దీని తల్లి ఎక్కడుందమ్మా? మీరెవరైనా చూశారా?" అని అడిగాను. నేనేదో కుక్కపిల్లకి గోత్రం అడిగినట్టు చూసిందావిడ. "సర్‌ప్రైజ్ గిఫ్టండీ అంకుల్" అంది. సర్‌ప్రైజ్ ఎవరికైనా ఉంటే అది ఆ పిల్లకేనని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం అక్కడే, పురోహితుడి ముందే, కాస్త గట్టిగానే చెప్పాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపుకొచ్చింది. "గొడవ పెట్టుకుంటే పెట్టుకున్నావు నాన్నా, భోజనాలయ్యేదాకా ఆగలేకపోయావా?" అంది. ఆకలితో ఇంటికొచ్చి కూర్చుంటే పింకీ గుర్తొచ్చింది. అసలు ఎప్పుడు మరిచిపోయాను గనక.

మా అక్క మొగుడు సినిమాలు తీసేవాడు. మద్రాసులో తీసినన్నాళ్లు తీసి, పరిశ్రమ మెల్లగా ఇటు తరలుతున్న రోజుల్లో హైదరాబాదు వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఇల్లు కట్టాడు. అప్పటి ఫిల్మ్ నగర్ అంటే సగం ఇళ్లు, సగం బండరాళ్లు. పొద్దున్నే రాళ్లు పేల్చే మోతకి గోడ మీది దేవుడి పటాలు వంకరపోయేవి, అక్క రోజూ స్నానం చేసొచ్చి వాటిని సరిచేసేది. నేను బావ దగ్గర ప్రొడక్షన్ పని చూసేవాణ్ణి. అంటే ఎవరికి ఏ బండి, ఎవరికి ఇడ్లీ, ఎవరికి ఉప్మా, ఇవన్నీ. నా చదువు ఆరో తరగతి దగ్గరే ఆగింది. ఆ పైన చదువుకున్నదంతా ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచే. వాటిలో కుక్కల పెంపకం మీద అట్టలేని ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికితే, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక వానాకాలమంతా చదివాను. అది చదవడమే నా ప్రాణానికొచ్చింది. తెలియనివాడు తప్పు చేస్తున్నప్పుడు పక్కన తెలిసినవాడు ఉండటమంత నరకం లేదు.

పింకీ తెల్ల పమేరియన్. అక్క ముచ్చటపడి మద్రాసు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. మోతీనగర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో మగది ఉండేది. మొదటి కాన్పు మాత్రం ఎవరూ అనుకుని చేయించింది కాదు, ఇద్దరు ఇల్లాళ్ల స్నేహంలో జరిగిపోయింది. కాకపోతే పిల్లలు పుట్టింది బావ సినిమా విడుదలైన రోజు. ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఇంకేముంది! సినిమావాళ్ల సెంటిమెంటు తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి ఎంత చెప్పినా నమ్మరు. ముహూర్తం షాటుకి ఏ చొక్కా వేసుకున్నాడో ఆ చొక్కా చిరిగేదాకా ప్రతి ముహూర్తానికీ అదే వేసుకునే మనుషులు వాళ్లు. పింకీ పేరు 'లక్కీ' అయింది. ఇంగ్లీషులో చివర ఒక అక్షరం ఎక్కువ పెడితే ఇంకా కలిసొస్తుందని ఎవరో చెబితే అదీ పెట్టారు. అది మాత్రం ఆ పేరుకి చచ్చేదాకా పలకలేదు. 'పింకీ' అంటేనే చెవులు రిక్కించేది.

ఆనాటి నుంచీ మా ఆఫీసులో ఒక ఆచారం పుట్టింది. కొత్త సినిమా పూజ రోజున కొబ్బరికాయ, క్లాప్ బోర్డు పక్కన వెండి పళ్లెంలో ఒక కుక్కపిల్ల. మెడకి ఎర్ర రిబ్బను, నుదుట కుంకుమ. దాన్ని హీరోకో, డిస్ట్రిబ్యూటర్‌కో చేతుల్లో పెట్టడం, ఫొటో తీయడం, అందరూ చప్పట్లు కొట్టడం. తీసుకునేవాడికి కుక్క కావాలో వద్దో ఎవరూ అడగరు. శుభమా అని ఇస్తుంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? పిల్లలు ఇంకా పాలు మరవలేదు బావగారూ అని నేనంటే, "ముహూర్తం ఇవాళరా, పాలు రేపు మరుస్తాయి" అనేవాడు. హీరోగారింట్లో ఆ పిల్లని జనరేటర్ షెడ్డులో కట్టేశారు. ఆయన భార్యకి కుక్క వెంట్రుకలు పడవట. మరో పిల్ల ఒక డిస్ట్రిబ్యూటర్ ఇంటికి వెళ్లింది. ఆ సినిమా పోయింది. పోతే కథ బాగాలేదనాలి గానీ, పిల్ల అడుగు మంచిది కాదన్నారు. కొన్నాళ్ల తర్వాత స్టూడియో వెనక బండల దగ్గర, వ్యాన్లు కడిగే చోట, బురద నీళ్లు నాకుతూ ఒక కుక్క కనిపించింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. మెడకి ఎర్ర రిబ్బను ఇంకా ఉంది. అది బిగిసిపోయి చర్మం ఒరుసుకుపోయింది. రిబ్బను కోసి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. చాలాకాలం మా మంచం కిందే బతికింది. తలుపు ఎవరు కొట్టినా ఇంకా లోపలికి దూరేది.

ఆ రోజు బావతో మొదటిసారి గట్టిగా మాట్లాడాను. పిల్లని ఇచ్చేముందు ఇల్లు చూడాలన్నాను. పగలు ఇంట్లో ఎవరుంటారో అడగాలన్నాను. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఉండనివ్వాలని, వద్దనుకున్నవాళ్లు వీధిలో కాదు మన గుమ్మంలో దింపేలా ముందే మాట తీసుకోవాలని, అన్నిటికంటే ముందు ఆ తల్లికి కాన్పుకీ కాన్పుకీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలని చెప్పాను. బావ సిగరెట్ పక్కన పెట్టి నవ్వాడు.

"ఏరా, కుక్కపిల్లనిస్తున్నామా, ఆడపిల్లనిస్తున్నామా?"

"ఆడపిల్లయితే బాగోకపోతే పుట్టింటికి కబురు పెడుతుంది బావగారూ. ఇది పెట్టలేదు."

ఆ మాటకి అక్క నవ్వింది, బావ నవ్వలేదు. అయినా తర్వాతి కాన్పు పిల్లల్ని పంచే పని నాకే వదిలేశాడు. ఏ తలుపు తట్టినా వెటకారమే. "కుక్కని ఇవ్వడానికి ఇంటర్వ్యూనా?" అని ఒక సంగీత దర్శకుడు వారం రోజులు అందరికీ చెప్పుకుని నవ్వాడు. నేను అడగకముందే నన్ను ఎదురడిగిన మనిషి ఒక్కడే ఒక్కడు. టోలిచౌకి పటేలు. షూటింగులకి కార్లు, వ్యాన్లు కిరాయికిచ్చేవాడు. ఊళ్లో సగం హీరోలు ఆయన కార్లలోనే తిరిగేవాళ్లు.

"పిల్లనిస్తనంటివి, మంచిగనే ఉంది. జర దాని తల్లిని జూపియ్యన్నా. తల్లి కరిచేదైతే పిల్ల ఊకుంటదా?" అన్నాడు. చూపించాను. పింకీ ఆయన చెప్పు నాకింది. "ఇగ మా అమ్మని అడగాలె" అన్నాడు. మీ ఇంటికి మీరే యజమాని కదా అన్నాను. "యజమానినే. గని పొద్దంత ఇంట్ల ఉండేది ఆమె గదనే. అడగకుంట తీస్కపోతే కుక్కని లోపట పండవెట్టి నన్ను బయట కట్టేస్తది." ఆయన తల్లి ఆ ఏడు వద్దంది. ఇంట్లో పెళ్లి పనులున్నాయట, చూసుకోలేనంది. వద్దని చెప్పిన ఆ మాటకి నేను ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగో కాన్పు కష్టమైంది. డాక్టరు కడుపు కోసి పిల్లల్ని తీశాడు. చేతులు కడుక్కుంటూ మా ముగ్గురికీ, నాకూ బావకీ అక్కకీ, కలిపే చెప్పాడు. "ఇంక చాలు. మళ్లీ కడుపైతే ఇది బతకదు. కాస్త కోలుకోగానే తీసుకురండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తాను." అలాగేనన్నాం. కోలుకుంది. తీసుకెళ్లలేదు. ఇవాళ షూటింగు, రేపు డబ్బింగు. పని ఎప్పుడూ మనుషులదే ముందు.

ఆ తర్వాత బావవి రెండు సినిమాలు వరసగా పోయాయి. మూడోదాని మీద ఇల్లు కూడా తాకట్టుకెళ్లింది. ఆ రోజుల్లో బావ కారు గేటు లోపలికొచ్చాక కూడా దిగకుండా, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చునేవాడు. నిద్రమాత్రల సీసా మా అక్క బొడ్లో దోపుకుని తిరిగేది. బావకి రోజుకొకటి తన చేత్తో తీసిచ్చేది. ఈవిడ పొదుపు మాత్రల దాకా వచ్చిందే అనుకుని నేను నవ్వుకున్నాను కూడా. విడుదల తేదీ ఖాయమయ్యాక నేను పాటల షూటింగుకని అరకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పింకీ అన్నం ముట్టడం లేదు. డ్రైవర్ని నిలదీస్తే, నేను లేనప్పుడు ఎదకొచ్చిందనీ, మోతీనగర్ తీసుకెళ్లొచ్చాననీ చెప్పాడు. "తీస్కపొమ్మన్నరు సార్" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఆ కాంపౌండులో గాలి కూడా బావనడిగే వీచేది.

లెక్క చూస్తే తెలిసిపోయింది. విడుదల రోజుకి పిల్లలు పుట్టాలని లెక్క. కానీ రీరికార్డింగు ఆలస్యమై విడుదల వాయిదా పడింది. ప్రింట్లు ఆపొచ్చు, పోస్టర్ల మీద తేదీ చీటీ మార్చి అతికించొచ్చు. కుక్క కడుపుని వాయిదా వేసే డాక్టరు లేడు. ఒక మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. దుప్పట్లో చుట్టి నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా నా మణికట్టు నాకుతూనే ఉంది. బల్ల మీద పోయింది. ఒక్క ఆడపిల్ల మిగిలింది, అరచేతిలో పట్టేంత. డాక్టరు దాన్ని తుడిచి నా చేతిలో పెట్టాడు. సినిమా ఆలస్యంగా విడుదలై, ఇల్లు విడిపించేంత ఆడింది. ఆఫీసులో పింకీ ఫొటోకి దండ వేసి, ఊదొత్తి వెలిగించారు.

ఆ పిల్లకి ఇంకు ఫిల్లర్‌తో పాలు పట్టి నేనే పెంచాను. కాస్త నిలదొక్కుకోగానే హీరోగారు కారు పంపారు. లక్కీ కూతురు కదా, వాళ్లింట్లోనే పెరగాలట, పెద్దదయ్యాక ప్రతి సినిమాకీ పిల్లల్ని పెట్టాలట. కారు ఖాళీగా పంపేశాను. అప్పటికే అది టోలిచౌకిలో పటేలు వాళ్లమ్మ దగ్గరుంది. ఈసారి ఆవిడే ఒప్పుకుంది, పెద్దయ్యాక ఆపరేషన్ చేయిస్తానని మాటిచ్చి, చేయించింది. నేను చూడబోయినప్పుడల్లా రెండూ ఒకే మంచం మీద ఉండేవి. "దీనికి పిల్లలొద్దు, నాకు కోడండ్లొద్దు. ఇద్దరం నిమ్మళంగున్నం బిడ్డా" అనేది ముసలమ్మ, కోడళ్లకి వినపడేలా.

పిల్ల ఎక్కడుందిరా అని బావ అడిగాడు. చెప్పనన్నాను. "డాక్టరు మీ ముందే కదండీ చెప్పింది, ఎందుకు చేయించారు?" అని హాల్లో నిలబడి అరిచాను. బావ లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజే పని మానేశాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎక్కడ ఎదురుపడ్డా అదే అడిగేవాణ్ణి. ఆయన ప్రతిసారీ నా భుజం మీద చెయ్యి వేసి, "భోంచేశావా?" అనేవాడు. అదే జవాబు. ఆయన పోయి కొన్నేళ్లయింది. కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు, అడగాల్సిన మనిషి లేకుండా పోయాడంతే.

గృహప్రవేశం మర్నాడు ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ వెళ్లాను. పాత ఇల్లు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. అందులోనే ఒక ఫ్లాటులో అక్క ఉంటోంది. చిక్కుడుకాయలు వలుస్తోంది. అట్టపెట్టెలో పిల్ల సంగతంతా చెప్పి, నా అలవాటు కొద్దీ, "అసలు బావ ఆ పని ఎందుకు చేయించాడే అక్కా?" అన్నాను. చేతిలో కాయ వలవడం పూర్తి చేసింది. గింజలు గిన్నెలో వేసింది. తర్వాత, నా వైపు చూడకుండా అంది:

"డాక్టరు కుక్క ప్రాణం సంగతి చెప్పాడురా. మీ బావ ప్రాణం సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ సీసా నా బొడ్లో ఉన్నా నాకు కునుకు పట్టేది కాదు. పిల్లలు పుడితే సినిమా ఆడుతుందని ఆయనొక్కడే నమ్మాడనుకున్నావా? పింకీని బండెక్కించింది నేను. ఆయనకి తర్వాత తెలిసింది, తెలిసి కూడా నీకు చెప్పలేదు. నువ్వు ఆయన్ని మొదటిసారి అడిగినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను, ఆ తర్వాత ప్రతిసారీ పక్కనే ఉన్నాను. నన్నెందుకడగలేదురా?"