పదకొండింటి ఫోను

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే ఆవిడను అందరూ కిటికీ అక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల కుళాయిల గోడు వింటున్న మనిషి. ఎంత నోరున్నవాడు వచ్చినా కిమ్మనకుండా వింటుంది, వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, మీట నొక్కి ఇంజనీరుకు పంపేస్తుంది. ఒకసారి పంపాక ఆ ఫిర్యాదు ఆవిడ దగ్గర మళ్లీ తెరుచుకోదు. "నా చేతుల్లోంచి వెళ్లిపోయింది, ఇక వాళ్లే చూసుకుంటారు" అని చెప్పి తర్వాతివాళ్లను పిలుస్తుంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో ఉండే నిశ్చింత చూస్తే, పక్క బల్ల దగ్గర పనిచేసే నాకు అసూయ పుట్టేది.

ఆ నిశ్చింతంతా కిటికీ వరకే. సొంత విషయానికొస్తే అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఆవిడ భర్త ఎత్తైన భవనాలకు బయటివైపు రంగులు వేస్తాడు. పైనుంచి వేలాడే తాళ్లు, వాటికి కట్టిన పలక, ఆ పలక మీద ఆయన. పొద్దున ఆయన గడప దాటింది మొదలు ఈవిడ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటుంది. పదకొండింటికి ఒక ఫోను, భోజనాల వేళకు ఒకటి, మూడింటికి ఒకటి, గాలి కాస్త గట్టిగా వీస్తే ఇంకొకటి. "ఏం చేస్తున్నారు?" అని అడుగుతుంది. రంగులు వేసే మనిషి రంగు కాక ఇంకేం వేస్తాడు? పాపం, ఆయన ప్రతిసారీ ఓపిగ్గా "రంగు వేస్తున్నా" అని చెబుతాడు.

అలాగని ప్రార్థన లేని మనిషేం కాదు. రోజూ తెల్లవారగానే మోకరించి, "ప్రభువా, ఈయన్ని నీ చేతుల్లో పెడుతున్నాను" అని కన్నీళ్లతో అప్పగిస్తుంది. అప్పగించి లేచి, పదకొండింటికి ఫోను చేస్తుంది.

ఒక గురువారం సాయంత్రం ఆయన చేతులకంటిన రంగు కడుక్కుంటూ మామూలుగా చెప్పాడు.

"ఇవాళ నీ ఫోను తియ్యబోయి తాడు వదిలేశాను. పలక ఒరిగింది. నడుం బెల్టు ఆపింది కాబట్టి సరిపోయింది."

ఆయన కోప్పడితే ఆవిడ ఏడ్చి తేలికపడేది. కోపమే లేదు.

"మోగితే తియ్యకండి," అంది ఎలాగో.

"తియ్యకపోతే ఇంకో పదిసార్లు చేస్తావుగా."

అదీ నిజమే. తనకు భయం వేసినప్పుడల్లా ఆయన్ని తనే కిందికి లాగుతోందన్నమాట. ఫోను చెయ్యకుండా ఉండలేదు, చేస్తే మనిషి దక్కడు. ఆవిడ బుర్ర పనిచెయ్యడం మానేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని వరండాలో ఆపింది. "నాలో విశ్వాసం లేదేమోనండి. ప్రార్థన చేశాక ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. ఆరో నిమిషానికి మళ్లీ మామూలే."

పెద్దాయన చెప్పుల కోసం వెతుకుతూ అడిగాడు. "మన చర్చి కుళాయి కారుతోందని మీ కిటికీ దగ్గరికి వచ్చాను, గుర్తుందా అమ్మా? మర్నాడు మళ్లీ వస్తే ఏమన్నారు?"

"పంపేశాను, ఇక నా దగ్గర తెరుచుకోదు, ఊరికే తిరగొద్దు అన్నాను."

"అదేనమ్మా," అని నవ్వి ఆయన చెప్పులు వేసుకున్నాడు.

ఆవిడకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేలోపు చర్చి పెరట్లో నీటిచుక్కల చప్పుడు వినిపించింది. ఆ కుళాయి ఇంకా కారుతూనే ఉంది. పంపేస్తే సరిపోతుందా మరి? ప్రభువు మా ఇంజనీరులాంటివాడు కాదులే అని సర్దిచెప్పుకుంటూ ఇల్లు చేరింది.

సోమవారం పదకొండయింది. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయింది. చెయ్యకపోవడం నమ్మకమా, నిర్లక్ష్యమా? జరగరానిది జరిగితే ఆ పూట కనీసం పలకరించని పెళ్లాంగా మిగిలిపోనా? దిక్కుతోచక ఫోను సొరుగులో పడేసి కళ్లు మూసుకుంది. "ప్రభువా, పంపేశాను. నా దగ్గర తెరుచుకోకుండా నువ్వే చూడు." అంతే, అంతకంటే మాటలు రాలేదు. తర్వాత ఒకాయన వచ్చి అరగంటసేపు మురికినీళ్ల గురించి కేకలేశాడు. ఆ కేకలకు మొదటిసారి ఆవిడ కృతజ్ఞతలు చెప్పుకుంది.

భోజనాల వేళ బల్ల మీద తల వాల్చిందో లేదో నిద్ర పట్టేసింది. సొరుగులో ఫోను గుర్రుమంటే ఉలిక్కిపడి లేచింది. ఆయనే.

"ఒంట్లో బాగాలేదా?" గొంతులో కంగారు.

"బాగానే ఉన్నా. నిద్రపోయాను."

"ఆఫీసులోనా?"

"ఊ. మీరెక్కడ?"

"కిందే. పదకొండున్నర నుంచీ ఇక్కడే కూర్చున్నా. నీ ఫోను రాకపోతే చెయ్యాడలేదు నాకు. దిగిపోయాను."

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను అంత పెనుగులాడి అప్పగిస్తే, మనిషి నేల మీద క్షేమంగా కూర్చున్నాడు. ఇది ప్రభువిచ్చిన జవాబా? లేక తన బెంగే ఇల్లు మారి ఆయన దగ్గర చేరిందా? ఎటూ తేలలేదు. ఒళ్లు మాత్రం జ్వరం దిగినట్టు తేలిగ్గా ఉంది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడాయన.

"ఎక్కండి."

పెళ్లయ్యాక ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

"మరి మూడింటికి చేస్తావుగా?" అన్నాడాయన.

"చెయ్యనండి," అంది ఆవిడ. తర్వాత, ఎలా చెప్పాలో తెలియక, "ఎక్కేముందు మీరూ ఒకసారి కళ్లు మూసుకోండి," అంది.