తప్పు మాదే తల్లీ

పాకాల శనక్కాయల మిల్లులో గురవమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఒక పూట కూలి ఎగ్గొట్టాడని మేస్త్రి ఏకాంబరాన్ని రైలుకట్ట దాకా తరిమి తరిమి తిట్టిన ఆడది. అలాంటి గురవమ్మ జీవితంలో ఒకే ఒక్కసారి నలుగురి ముందు తల వంచి తప్పు ఒప్పుకుంది. ఆ ఒక్కసారే ఆమె కొంప ముంచింది.

1946 మాఘమాసంలో ఆమె మొగుడు మునెయ్య కుడిచెయ్యి మిల్లులో మిషన్ను తిప్పే తోలు పట్టా కింద పడి నలిగిపోయింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. పట్టాకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ ఆ రోజు అక్కడ లేదు. నూనె వెయ్యడానికి అడ్డమని మేస్త్రే ఊడదీయించి నెలన్నర అయింది. మళ్ళీ బిగించే తీరిక ఏ మహానుభావుడికీ దొరకలేదు.

మూడో రోజు ఏకాంబరం గురవమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు.

"మే గురవమ్మా, మిషను నెత్తురు సూసింది. తప్పు సెల్లించకుంటే ఇంగొకరిని అడగతాది. కోడి మీ ఇంటినించే రావల్ల" అన్నాడు.

ఆ మిల్లు ఆనవాయితీ అది. పట్టా తెగినా, పళ్ళచక్రం విరిగినా, మనిషికి దెబ్బ తగిలినా మిషను ముందు కోడిని కోసి, అందరూ వినేట్టు "తప్పు మాదే తల్లీ, కాపాడు" అని మొక్కాలి. అంతవరకు ఏ కూలీ మిషను మీద చెయ్యి వెయ్యడు. గురవమ్మ కాదంటే ముప్పై మందికి ఆ పూట కూలి లేదు. పైగా ఆసుపత్రిలో మొగుడికి జ్వరం దిగలేదు. ఆ తల్లి కోపం మళ్ళీ అతని మీదికే వస్తుందేమోనని ఆమె భయం. గంపలోని కోడిని చంకన పెట్టుకొని పోయింది. ఆ మాట అంది.

మునెయ్య ఇల్లు చేరిన రోజే ఎవరో పుణ్యాత్ములు ఆ సంగతి అతని చెవిన వేశారు.

"సెయ్యి పోగొట్టుకునింది నేను. తప్పు గూడా నాదేనంటివా?" అని అడిగాడు.

అంతే, ఆ తరవాత ఆమెతో మాట మానేశాడు. పదేళ్ళుగా ఆమె తిట్లకు పడీ పడీ నవ్విన మనిషి, ఎదురుగా కూర్చొని అన్నం తిని లేచిపోయేవాడు. చెయ్యి పోయినదానికంటే ఆ మౌనమే గురవమ్మను ఎక్కువ కోసింది.

ఇన్సూరెన్సు ఉందట, పోయిన చేతికి ఏమైనా ఇప్పించమని ఆమె మిల్లు ఓనరు దామోదర మొదలియారు దగ్గరికి పోయింది. ఆయన కుర్చీలోంచి కదలకుండానే, "ఇన్సూరెన్సు మిల్లుకు కట్టింది. మీ కాళ్ళకూ చేతులకూ కాదు. బయటికి నడువు" అన్నాడు.

అది పచ్చి అబద్ధమని రైల్వే ఆఫీసు గుమాస్తా సుందరరాజు చెప్పాడు.

"సూడమ్మా, పనిలో దెబ్బ తగిలితే ఓనరు పరిహారం ఇయ్యాల. అది చట్టం. ఆ బరువు తన మీద పడకుండా ఆయప్ప మద్రాసు కంపెనీకి ఏటేటా కడతా ఉండాడు. మునెయ్య దమ్మిడీ కట్టే పని లేదు. ఏమరపాటున దెబ్బ తగిలినా వస్తాది. కావాలని జాలీ పీకేసుంటేనే రాదు" అంటూ మద్రాసులోని పరిహారాల కమిషనరుకు అర్జీ రాసి పంపాడు.

మొదలియారు దానికి ఇచ్చిన జవాబు చూసి గురవమ్మ ఒళ్ళు మండిపోయింది. జాలీ పీకింది మునెయ్యేనట. పెళ్ళామే కోడిని కోసి ఒప్పుకుందట. సాక్షులు ముప్పై మందట.

మద్రాసు నుంచి వచ్చిన కమిషనరు చిత్తూరులో విచారణ పెట్టాడు. ఆ మాట అననే లేదని చెప్పెయ్యమని ఇరుగుపొరుగు గురవమ్మకు నూరిపోసి పంపారు.

"తప్పు మాదేనని అన్నావా, లేదా?" ఇన్సూరెన్సు కంపెనీ ప్లీడరు గద్దించాడు.

"అన్నాను సామీ."

మునెయ్య తల దించుకున్నాడు. ప్లీడరు నవ్వుతూ కూర్చోబోయాడు.

"కూసోవద్దు, ఉండు! పోయినేడు పళ్ళచక్రం ఇరిగినప్పుడు కోడిని కోయించి మొక్కింది ఎవురో మొదలారయ్యను అడుగు. ఆయప్పా అదే మాటనె. నా మాటకు మా ఇంటాయన దొంగైతే, ఆ చక్రం మొదలారయ్య సుత్తి తీసుకోని ఇరగ్గొట్టినాడా?"

కమిషనరు మొదలియారు వైపు చూశాడు. "అది... మొక్కుబడిగా అనే మాటండీ" అని నసిగాడు మొదలియారు.

"మరి ఈమెదీ అదే కదా" అని కమిషనరు ఏకాంబరాన్ని పిలిచాడు. "జాలీ ఇప్పుడెక్కడుంది?"

"మిల్లు స్టోరులో ఉండాది సామీ."

"స్టోరు తాళంచెవి?"

ఏకాంబరం మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే వేలాడుతోంది. ఆ తాళం తియ్యకుండా జాలీని లోపల పెట్టడం మునెయ్య తరం కాదు.

తీర్పు మునెయ్య పక్షానే వచ్చింది. వరండాలో మొదలియారు కండువా దులుపుకుంటూ, "పోతే పోనీ, కంపెనీ దుడ్డేగా. నాదేం పోయింది" అన్నాడు.

"నీది కాని దుడ్డుకు మా ఇంటాయన్ను అబద్ధాలకోరును సేస్తివే! నీ నోట్లో మన్నుబడ!" గురవమ్మ కేకకు బంట్రోతులు పరిగెత్తుకొచ్చారు.

రైలులో మునెయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. గెలిచినా పలకలేదు. కచేరిలో నలుగురు విన్నారు సరే, మిల్లులో విన్న ముప్పై మంది సంగతేమిటి? పాకాలలో దిగాక గురవమ్మ ఇంటిదారి పట్టలేదు. మిల్లు గేటు ముందుకు పోయి నిలబడింది. సాయంత్రం పని దిగే కూత వేశారు. కూలీలు బయటికి వస్తున్నారు.

"ఆగండి! ఆ పొద్దు నేను సెప్పింది అబద్ధం. మొగుడు సస్తాడని బయపడి అన్నాను. తప్పు మాది కాదు!"

ఏకాంబరం వచ్చి భుజం పట్టి నెట్టాడు. ఆమె కదల్లేదు. ఎన్నడూ బొంగురుపోని ఆ గొంతు మధ్యలో వణికి ఆగిపోయింది.

వెనకాలే వచ్చిన మునెయ్య ఎడమచేత్తో ఏకాంబరాన్ని పక్కకు తోశాడు.

"ఇంగా గట్టిగా సెప్పు మే. ఎనకాలోళ్ళకు ఇనపళ్ళేదు."